చిక్కుడు పాదు మీద నలుపు, నారింజ ముళ్ళ పురుగులు: మందు కొట్టాలా, వదిలేయాలా?

కొత్తపాదు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా పెరట్లో చిక్కుడు పాదు ఇప్పుడిప్పుడే పూతకి వస్తోంది. లేత చివర్లకీ, పూమొగ్గల కాడలకీ నల్ల పేనుబంక బాగా పట్టింది. అది పేనుబంకేనని నాకు తెలుసు. నేనడిగేది దాని మధ్యలో తిరుగుతున్న ఇంకో పురుగు గురించి. అదేమిటో తెలియక టెన్షన్‌గా ఉంది.

ఫొటో తీస్తే మసకగా వస్తోంది, అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను. ఒళ్ళు నలుపూ బూడిదా కలిసిన రంగు. పొడవు సెంటీమీటరు లోపే. తల వైపు వెడల్పు, తోక వైపు సన్నం. వీపు మీద వరసలుగా ముళ్ళలాంటి చిన్న బొడిపెలు, రెండు పక్కలా నారింజ మచ్చలు. ముందు సగంలో మూడు జతల కాళ్ళు, ఒంటికి మించిన పొడుగు. గొంగళి పురుగులా పాకడం లేదు, నడుస్తోంది, అదీ హడావుడిగా. ఆకు చివరిదాకా పోయి, వెనక్కి తిరిగి, కాడ పట్టుకుని పైకి ఎక్కుతోంది.

అదే పాదు ఆకులకి నారింజ రంగు ఉండలు కూడా అతుక్కుని ఉన్నాయి, నల్ల చుక్కలతో. కదలవు. పుల్లతో తాకితే మాత్రం ఉలిక్కిపడినట్టు లేచి మళ్ళీ పడుకుంటాయి. ఇవి వాటి గుడ్లా, వేరే పురుగా?

మా చిన్నది రోజూ ఆ పాదు దగ్గరే ఆడుకుంటుంది. నలుపు, నారింజ రంగుల పురుగొకటి ఒంటికి తగిలితే కాలినట్టు బొబ్బలొస్తాయని ఎక్కడో చదివాను. ఇది అదేనా? అమ్మేమో ఇంకా చూస్తావేంటి, మందు కొట్టెయ్ అంటోంది. మందు తెచ్చి పెట్టాను గానీ మూత తీయలేదు. ముందు పేరు తెలియాలి, ఆ తర్వాతే ఏదైనా.

పనిలో పనిగా ఇంకో మూడు సంగతులు. నిమ్మ మొక్క ఆకు మీద పిట్ట రెట్ట అనుకున్నది కదిలింది. గులాబీ ఆకుల అంచులు గుండ్రంగా కోసినట్టు పోతున్నాయి, పురుగు మాత్రం ఎక్కడా కనబడదు. గోడ మూలన పిడికిలంత మట్టి ముద్ద ఉంది, దాని మీద కందిరీగ వాలుతోంది. వీటిలో దేన్ని తీసెయ్యాలి, దేన్ని వదిలెయ్యాలి?

నీరెండ

అవి అక్షింతల పురుగు పిల్లలండీ. నారింజ ఉండలు కూడా అవే, తర్వాతి దశ. దయచేసి మందు కొట్టకండి.

ఆకుఅడుగు

మీరు రాసిన తీరు ఫొటో కన్నా బాగా పనికొచ్చింది. కాళ్ళెన్ని, ఎక్కడున్నాయి, ఎలా నడుస్తోంది, ఏ మొక్క మీద, పక్కన ఇంకేముంది, అన్నీ రాశారు. పెరట్లో పురుగుని గుర్తుపట్టడానికి రంగు కన్నా ఇవే ముఖ్యం.

నీరెండ గారు చెప్పింది నిజం. గుండ్రంగా, ఎర్రగా, చుక్కలతో ఉండే పెద్ద పురుగుని అందరూ గుర్తుపడతారు, ముచ్చటపడతారు. దాని పిల్ల మాత్రం చిన్న సైజు మొసలిలా ఉంటుంది. దానికీ దీనికీ చుట్టరికం ఉందని ఎవరికీ తట్టదు. అందుకే మందు దెబ్బకి ఎక్కువగా పోయేవి ఈ పిల్లలే. నాకు వీటి మీద చాలా ఇష్టం, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ఓ ఆకుని నెమ్మదిగా తిప్పి అడుగు చూడండి. పసుపు రంగు గుడ్లు, కోలగా, నిలబెట్టినట్టు గుంపుగా ఉంటాయి. తల్లి వాటిని పేనుబంక ఉన్న చోటికి దగ్గర్లోనే పెడుతుంది, పుట్టగానే తిండి అందేలా. పిల్ల పెరుగుతూ పాత చర్మాలు వదులుతుంది. నాలుగు దశలు దాటాక తోక చివరని ఆకుకి అంటించుకుని ముడుచుకుంటుంది. మీరు చూసిన నారింజ ఉండ అదే, ప్యూపా. దానికి నోటితో పని లేదు, ఏమీ తినదు. తాకితే లేవడం దాని ఆత్మరక్షణ, దాని మీద గుడ్డు పెట్టడానికొచ్చే చిన్న ఈగల్నీ కందిరీగల్నీ అలా విదిలిస్తుంది. అందులోంచి బయటికొచ్చిన పురుగు మొదట చుక్కల్లేకుండా పాలిపోయినట్టు ఉంటుంది. కొన్ని గంటల్లో రంగు తేలి చుక్కలు కనబడతాయి. గుడ్డు నుంచి ఇక్కడిదాకా వాతావరణాన్ని బట్టి మూడు నాలుగు వారాలు, వెచ్చగా ఉంటే ఇంకా త్వరగానే.

ఒక పది నిమిషాలు కుర్చీ వేసుకుని ఒకే పిల్లని చూడండి. దానికి చూపు అంతగా ఆనదు, పేనుబంకకి దాదాపు తగిలేదాకా దాన్ని కనిపెట్టలేదు. అందుకే ఆ హడావుడి, ఆ వెనక్కి తిరగడాలు. దొరకగానే కాళ్ళతో అదిమి, దవడలతో పట్టుకుని అక్కడే ఆగిపోతుంది. పేనుబంక కాళ్ళు ఆడిస్తూ ఉండగానే దాని ఒళ్ళు చప్పబడిపోతుంది. చిన్న పిల్లలు లోపలి ద్రవం పీల్చేసి తొక్క వదిలేస్తాయి, పెద్దవి మొత్తం నమిలేస్తాయి. ఇది ఒక్కసారి కళ్ళతో చూస్తే ఇక పేరు అడగాల్సిన పని ఉండదు.

బొబ్బల సంగతి. మీరు చదివింది పెడెరస్ అనే పెంకు పురుగు గురించి. అది సన్నగా, పొడుగ్గా, పైపైన చూస్తే చీమలా ఉంటుంది. తల నలుపు, మెడ భాగం నారింజ, నడుం మీద నీలమో ఆకుపచ్చో మెరిసే పొట్టి రెక్కల కవచం, దాని వెనక మళ్ళీ నారింజ, తోక కొస నలుపు. అది కుట్టదు, కరవదు. ఒంటి మీద వాలినప్పుడు చేత్తో నలిపితేనే లోపలి ద్రవం చర్మాన్ని కాలుస్తుంది, మంటా బొబ్బలూ ఒకటి రెండు రోజులకి తేలతాయి. రాత్రి దీపాల దగ్గరికి వస్తుంది. వాలితే ఊదేయాలి, లేదా కాగితం మీదికి ఎక్కించి వదలాలి, ఆ చోటు సబ్బుతో కడగాలి. మీ పాదు మీద ఉన్నది అది కాదు. అక్షింతల పురుగు పెద్దది చేతిలో భయపడితే కాళ్ళ కీళ్ళ నుంచి పసుపు ద్రవం వదులుతుంది, వాసన వేస్తుంది, కడుక్కుంటే చాలు. పాపకి చూపించండి, తాకడం మాత్రం పుల్లతో.

పేనుబంక గుంపులోనే ఇంకొన్ని కనబడతాయి, వాటినీ తప్పుగా అనుకోకండి. కాళ్ళే లేకుండా జలగలా సాగే ఆకుపచ్చ పిల్ల ఉంటే అది హోవర్ ఈగ పిల్ల, అదీ పేనుబంకనే తింటుంది. దాని తల్లి తేనెటీగ వేషంలో పూల ముందు గాల్లో నిలబడుతుంది. రెక్కలు ఒక్క జతే, కళ్ళు పెద్దవి, మీసాలు పొట్టివి, కుట్టదు. ఉబ్బి గోధుమ రంగులో గట్టిపడిన పేనుబంకలు కనబడితే వాటి లోపల బుల్లి కందిరీగ పిల్ల పెరిగిందన్నమాట. వీపున గుండ్రటి చిల్లు ఉంటే అది బయటికొచ్చేసింది. సన్నటి దారం లాంటి కాడ చివర తెల్లటి గుడ్డు ఉంటే అది లేస్‌వింగ్ అనే పురుగుది. అదీ మనవైపే.

మందు ఎందుకు వద్దంటున్నానంటే, పేనుబంక ఆడవి జత కట్టకుండానే నేరుగా పిల్లల్ని పెడతాయి, ఆ పిల్లలు వారం పది రోజుల్లో మళ్ళీ పిల్లలకొస్తాయి. మందుకి పేనుబంకా, దాన్ని తినే పురుగులూ రెండూ చస్తాయి, తిరిగి ముందు పెరిగేది మాత్రం పేనుబంకే. ఈలోగా దాన్ని తినేవాళ్ళు లేరు. మీరు చేయాల్సింది ఒకటుంది. చీమల దారి చూడండి. పేనుబంక వదిలే తీపి బంక కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుల్ని తరుముతాయి. పందిరి కర్రకి జిగురు పట్టీ చుట్టి ఆ దారి ఆపండి. మరీ మొగ్గలు ముడుచుకుపోతున్న చోట, పిల్లలు లేని కొమ్మ చూసుకుని, నీళ్ళు గట్టిగా చిమ్మండి. కిందపడ్డ పేనుబంకల్లో చాలావరకు తిరిగి ఎక్కలేవు.

నిమ్మ మీది రెట్ట నిమ్మ సీతాకోకచిలుక గొంగళి పురుగు. చిన్నప్పుడంతా గోధుమ, తెలుపు రంగుల్లో పిట్టలు ముట్టకుండా ఆ వేషం. చివరి దశలో పచ్చగా మారిపోతుంది. అప్పుడు మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ముల జత బయటికి తీస్తుంది, ఘాటైన వాసన వస్తుంది. మొక్క పెద్దదైతే వదిలేయండి, ఆకులు మళ్ళీ వస్తాయి. చిన్న మొక్కైతే మాత్రం ఒకటి రెండు చాలు మొత్తం ఊడ్చేయడానికి. వాటిని పెద్ద నిమ్మ చెట్టుకో, కరివేపాకు చెట్టుకో మార్చండి, అవి తినేది ఆ కుటుంబం ఆకులే.

గులాబీకి ఆకుకోత తేనెటీగ వస్తోంది. కోత అంచు నున్నగా, అర్ధచంద్రంలా ఉందా? కింద పురుగు రెట్టలు లేవా? అయితే అదే. ఆకు తినడానికి కాదు, బోలు కాడల్లోనో చిల్లుల్లోనో గూడు కట్టి గదులకి పరుచుకోవడానికి పట్టుకెళ్తుంది. కొరుకుడు గరుకుగా ఉండి, కింద నల్లటి గుళికలు రాలి ఉంటే అప్పుడు గొంగళి పురుగుని వెతకాలి. ఏదీ లేకుండా రాత్రికి రాత్రి ఆకులు పోతుంటే టార్చి తీసుకుని చీకటి పడ్డాక వెళ్ళండి, పెంకు పురుగులు అప్పుడే ఎక్కుతాయి.

వంగమడి

క్షమించాలి, అక్షింతల పురుగంటే చాలు వదిలెయ్యమంటే నేను ఒప్పుకోను. మా వంగ మొక్కల ఆకులన్నీ జల్లెడైపోయాయి. తింటున్నది చుక్కల పురుగే, నా కళ్ళతో చూశాను. పిల్లలూ ఉన్నాయి, ముళ్ళతోనే. అందరికీ ఒకే మాట చెప్పేస్తే మాలాంటివాళ్ళ పంట పోతుంది.

ఆకుఅడుగు

వంగమడి గారూ, ఈ మాట చెప్పినందుకు థాంక్స్, ఇది చెప్పకపోతే నా జవాబు సగమే. మీరు చూసింది ఆ కుటుంబంలోనే ఆకులు తినే రకం. శాస్త్రీయ నామంలోనే 28 చుక్కలు అన్న అర్థం ఉన్న పురుగు కూడా అందులో ఒకటి. వంగ, టమాటా, బంగాళాదుంప, గుమ్మడి జాతి మొక్కల మీదికి వస్తాయి.

తేడా దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పేనుబంకని తినేవాటిలో మనకి ఎక్కువగా కనబడేవి నున్నగా మెరుస్తాయి. ఆకు తినే దాని వీపు మీద సన్నటి నూగు ఉంటుంది, మెరుపు ఉండదు. వెలుతురుకి పక్కవాటంగా పెట్టి చూడండి. పిల్లల్లో తేడా ఇంకా స్పష్టం. ఆకు తినే పిల్ల లేత పసుపు, ఒళ్ళంతా కొమ్మలు కొమ్మలుగా చీలిన ముళ్ళు, కదలడం బద్ధకంగా. కొత్తపాదు గారు చెప్పింది నల్లటిది, హడావుడిగా నడిచేది. అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు ఆకు. ఈనెలు వదిలి మధ్య పచ్చదనం గీకేసినట్టు, వల లాగా మిగిలితే అది ఆకు తినే రకమే. పేనుబంక ఉండి ఆకులకి చిల్లుల్లేకపోతే అది వేటగాడు.

మీ మొక్కలకి పొద్దున్నే, అవి మందకొడిగా ఉన్నప్పుడు, ఏరి సబ్బు నీళ్ళలో వేయండి. ఆకు అడుగున పసుపు గుడ్ల గుంపులు నలిపేయండి. ఇక్కడ మాత్రం జాగ్రత్త, రెండు రకాల గుడ్లూ పసుపే, నిలువుగానే ఉంటాయి. పక్కన పేనుబంక ఉంటే ఆ ఆకు జోలికి పోకండి.

గోడమూల

మట్టి ముద్ద గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. అది ఒంటరి కందిరీగ గూడు. గుంపుగా ఉండి గూటిని కాపాడుకోవడానికి మీద పడే రకం కాదు. ఆడది ఒక్కతే తడి మట్టి ఉండలు తెచ్చి గొట్టాల్లాంటి గదులు కడుతుంది. ఒక్కో గదిలో కుట్టి చచ్చుబడేలా చేసిన సాలీళ్ళని పేర్చి, ఒక గుడ్డు పెట్టి, మూసేస్తుంది. సాలీళ్ళు బతికే ఉంటాయి, అందుకే కుళ్ళవు. గుడ్డు పొదిగాక పిల్ల వాటిని ఒక్కొక్కటే తింటుంది. ముద్దలా కాకుండా బుల్లి కుండలా, మూతి అంచుతో సహా ఉంటే అది వేరే కందిరీగది, అందులో గొంగళి పురుగులు ఉంటాయి.

ముద్ద మీద గుండ్రటి చిల్లులు ఉన్నాయేమో చూడండి. ప్రతి గదికీ చిల్లుంటే పిల్లలు వెళ్ళిపోయినట్టే, గీకేసుకోవచ్చు. లేకపోతే కొన్నాళ్ళు ఆగండి. తలుపు కీలు మీదో, పాప చెయ్యి పెట్టే చోటో ఉంటే తప్ప తొందర లేదు. కాగితం లాంటి దానితో కట్టి, తేనెపట్టు గదుల్లా అడుగు తెరుచుకుని, మీద చాలా కందిరీగలు కూర్చుని ఉన్న గూడైతే నా మాట వర్తించదు. దానికి దూరంగా ఉండాలి, తెలిసినవాళ్ళని పిలవాలి.

ఫొటో మసకగా వస్తోందన్నారు కదా, ఫోన్ మరీ దగ్గరికి పెట్టకండి. ఒక చెయ్యెడు దూరంలో ఉంచి జూమ్ చేయండి, వెనక తెల్ల కాగితం పట్టండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, మొక్కతో కలిపి ఒకటి. పక్కన స్కేలు పెడితే సైజు తెలుస్తుంది. ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో ఫొటో పెడితే అది ఒక పేరు సూచిస్తుంది, తర్వాత మనుషులు చూసి ఒప్పుకుంటారు, లేదా సరిదిద్దుతారు. యాప్ మొదట చెప్పిన పేరు చూసి మందు కొట్టడం, కొట్టకపోవడం నిర్ణయించకండి. ఇంటి పెరడు కాబట్టి లొకేషన్ మసకబరిచే సెట్టింగ్ పెట్టుకోండి.

కొత్తపాదు

అందరికీ చాలా థాంక్స్ అండీ. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అమ్మా, చిన్నదీ కూడా వచ్చి కూర్చున్నారు. ఒకటి పేనుబంకని పట్టుకోవడం ముగ్గురం చూశాం, అచ్చం మీరు చెప్పినట్టే కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి. మందు సీసా తీసి లోపల పెట్టేసింది అమ్మే. పందిరి కర్రకి చీమల బారు దొరికింది, పట్టీ చుట్టాం. గులాబీ కోతలు నున్నగానే ఉన్నాయి. మట్టి ముద్దకి ఒక్క చిల్లే ఉంది, మిగతావి మూసే ఉన్నాయి, ఉండనిస్తాం.

ఇంకో రెండు అడగొచ్చా? మందారానికి పిండినల్లి ఉంది. అందులో ఒకటి మిగతావాటికన్నా బాగా పెద్దది, తెల్ల దూది పోగులు ఒళ్ళంతా, కదిపితే గబగబా పరిగెత్తింది. పిండినల్లి అంత వేగంగా పోతుందా? రెండోది, కుండీ జరిపితే కింద చాలా కాళ్ళున్న పురుగులు రెండు రకాలు. ఒకటి చుట్టుకుపోయింది, ఇంకొకటి మెరుపులా మట్టిలోకి దూరింది.

ఆకుఅడుగు

పరిగెత్తినది పిండినల్లి కాదు, పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్ల! ఆస్ట్రేలియా నుంచి వచ్చిన క్రిప్టోలీమస్ అనే రకం పిల్లలు ఇలాగే ఉంటాయి, పిండినల్లి కోసమే దాన్ని చాలా దేశాల్లో పెంచి వదులుతారు. ఆ తెల్ల మైనం పోగులు తీస్తే మామూలు పిల్లే. పిండినల్లి కదిలితే చాలా నెమ్మది, పోగులు కూడా పొట్టివి. ఈ అక్షింతల పురుగు పిల్ల పెద్దయ్యాక చుక్కల్లేకుండా నల్ల రెక్కలు, నారింజ తలతో ఉంటుంది, చాలా చిన్నది. దాన్ని అక్కడే ఉంచి, మందారానికి కూడా చీమల దారి ఆపండి.

కుండీ కింద చుట్టుకుపోయింది రోకలిబండ. దాని కాళ్ళు ఒంటి కిందే ఉంటాయి, దాదాపు ప్రతి కణుపుకీ రెండేసి జతలు. కుళ్ళిన ఆకులు తింటుంది, కరవదు. చేత్తో పట్టుకుంటే మరకా మంటా పెట్టే ద్రవం వదులుతుంది, అంతే. పారిపోయింది జెర్రి. కణుపుకి ఒకే జత కాళ్ళు, పక్కలకి చాచి ఉంటాయి, చివరి జత వెనక్కి పొడుగ్గా. తల దగ్గరి మొదటి జతే విషపు కోరలుగా మారింది, కుట్టిందంటే బాగా నొప్పి. అదీ వేటాడి బతికేదే కాబట్టి చంపక్కర్లేదు, కానీ పాప చేత కుండీలు జరిపించకండి. మీరు జరిపేటప్పుడు అవతలి అంచు ముందు లేచేలా మీ వైపుకి వంచండి, కింద ఏమున్నా అవతలి వైపుకే పోతుంది.